సొరపిల్ల బొడ్డు

పన్నెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతున్నాను. బెంజ్ సర్కిల్ దగ్గర కింద బట్టల షాపు, పైన మూడంతస్తుల్లో మా కాలేజీ. సొరచేప పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒకటే బొమ్మ వేస్తాను. తల్లి కడుపు, అందులో పిల్ల, మధ్యలో బొడ్డుతాడు. "చేపలన్నీ గుడ్లు పెడతాయనుకోకండి. ఇది పిల్లల్ని కంటుంది. ఎంట్రన్సులో ఇదే అడుగుతారు" అని చెప్పి తర్వాతి పేజీకి వెళ్ళిపోతాను. ఎవరైనా ఏదైనా అడిగితే తెలియదని చెప్పే అలవాటు నాకు లేదు. తెలియకపోతే గదమాయించే అలవాటు మాత్రం ఉంది. పాప పుట్టాక ఎవర్ని గదమాయించాలో కూడా తెలియకుండా పోయింది.

మా అమ్మ నేను డిగ్రీలో ఉండగానే పోయింది. కాన్పుకి వెళ్ళడానికి పుట్టిల్లంటూ లేదు. అందుకని అత్తయ్యే ఒక గుడ్డసంచీతో మా భవానీపురం ఫ్లాట్‌కి వచ్చింది. ఆవిడది నాగాయలంక దాటాక, కృష్ణ సముద్రంలో కలిసే దగ్గరున్న చిన్న ఊరు. ముప్ఫయ్యేళ్ళు నెత్తిన తట్ట పెట్టుకుని చేపలమ్మిన మనిషి. మాది ప్రేమ పెళ్ళి. మా ఇంట్లో ఆదివారం చర్చి, వాళ్ళింట్లో గంగమ్మ తల్లి. అప్పటిదాకా మేమిద్దరం పండక్కో పబ్బానికో కలిసి, ఒకళ్ళకొకళ్ళం మర్యాదగా కూర వడ్డించుకున్నవాళ్ళమే తప్ప, గట్టిగా ఒక గంట మాట్లాడుకున్నది లేదు.

సిజేరియన్ అయింది. ఆడపిల్ల. అంతా బాగానే ఉంది, పాలు మాత్రం పడలేదు.

ఆసుపత్రిలో మొదటిరోజు ఎవరూ పట్టించుకోలేదు. రెండోరోజు నుంచి, చూడ్డానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ చెప్పులు విప్పకముందే అడిగేది, "పాలు పడ్డాయా?" అని. హోంవర్కు చెయ్యని పిల్లలా తల దించుకునేదాన్ని. డాక్టరుగారు ఆపరేషన్ కదా, ఆలస్యమవుతుంది, కంగారు పడొద్దన్నారు. నర్సమ్మ కంగారు పడాల్సిందే అన్నట్టు గంటకోసారి వచ్చి పాపని నా గుండెకి అదిమిపెట్టేది. పక్కింటావిడ మెంతులంది. ఎదురింటావిడ మెంతులు వేడి, మానేయమంది. ఫోన్లో ఏదో వీడియోలో ఒకావిడ నవ్వుతూ, "ఒక్కసారి డబ్బా పాలు పట్టారంటే బిడ్డ ఇక మీ దగ్గర తాగదు" అని చెప్పింది. ఆ వీడియో నాలుగుసార్లు చూశాను. మా ఆయన గవర్నర్‌పేటలో ఆఫీసు నుంచి పూటకోసారి ఫోన్ చేసి "నువ్వు టెన్షన్ పడకు" అనేవాడు, తను పడుతున్న టెన్షనంతా గొంతులో పెట్టుకుని.

పాప ఏడుస్తోంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, చివరికి శబ్దం లేకుండా నోరు మాత్రం తెరుస్తోంది. అది చూస్తుంటే నాకు ఒళ్ళంతా భయం. చదివిన చదువులో ఒక్క ముక్కా పనికిరాలేదు.

మూడోరోజు పొద్దున అత్తయ్య ఎవర్నీ అడగలేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళి మందుల షాపులో పాలపొడి డబ్బా కొనుక్కొచ్చింది. ఆసుపత్రి క్యాంటీన్లో నీళ్ళు మరగబెట్టించి, చల్లార్చి, తన సంచీలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసి, పాపని ఒళ్ళో వేసుకుని చుక్కచుక్కగా పట్టేసింది. ఆవిడ చెయ్యి వణకడం చూశాను. వయసు వల్లనుకున్నాను.

"డాక్టర్ని అడక్కుండా ఎందుకు పట్టారండీ?" అన్నాను.

"ఆకలేసినోళ్ళకి పెట్టడానికి డాక్టర్ని అడగాలా?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. నీ వల్ల కాదులే అని అందరి ముందూ చెప్పినట్టే అనిపించింది. ఆ రోజంతా ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ మాత్రం రెండు గంటలకోసారి ఉగ్గుగిన్నె పట్టుకుని వస్తూనే ఉంది.

దీనికి తోడు పేరు గొడవొకటి. మేం మూడు నెలలు వెతికి పాపకో మంచి పేరు అనుకున్నాం. అత్తయ్య దాన్ని ఒక్కసారి కూడా పలకలేదు. ఏదో పాతకాలం పేరు, మా తాతమ్మల నాటిది, దాంతోనే పిలిచేది. "అత్తయ్యా, రెండు పేర్లయితే పిల్ల అయోమయపడుతుంది" అన్నాను. అయోమయంలో ఉన్నది పిల్ల కాదని నాకూ తెలుసు. "సర్లేమ్మా" అని, మరుక్షణం మళ్ళీ అదే పేరు.

ఐదోరోజు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాం. ఆరోరోజు తెల్లారకముందే ఆవిడ లేదు. ఊరెళ్ళిందని మా ఆయన చెప్పాడు. అలిగి వెళ్ళిపోయిందనుకున్నాను, కొంచెం తేలిగ్గా, చాలా దిగులుగా కూడా అనిపించింది. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చింది. చేతిలో ఐసు కరిగి నీళ్ళు కారుతున్న సంచీ. "పాలసొర దొరికింది. మా తమ్ముణ్ణి పట్టమన్నాను. ఇది తింటే పాలు పడతాయి" అంటూ నేరుగా వంటింట్లోకి వెళ్ళింది.

బాలింతకి సొర పెట్టడం మా కోస్తాలో ఎవరికీ కొత్త కాదు. నేనూ విన్నాను. కానీ నాకు ఆవిడే అర్థం కాలేదు. డబ్బా తెచ్చిందీ ఆవిడే, సొర తెచ్చిందీ ఆవిడే. సొర మీద అంత నమ్మకమే ఉంటే డబ్బా ఎందుకు? డబ్బాతో గడిచిపోతుంటే నాలుగు గంటలు బస్సుల్లో పడి ఈ సొర ఎందుకు? కుట్లు పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను.

స్టీలు బేసిన్‌లో నాలుగు పిల్లలున్నాయి. ఒక్కోటి జానెడు కంటే కాస్త ఎక్కువ. బూడిదరంగు వీపు, తెల్లటి పొట్ట. అన్నీ అచ్చం పెద్ద సొరలే, చిన్న కొలతలో. ఒకటి వెల్లకిలా పడి ఉంది. గొంతు కింద, రెండు రెక్కల మధ్యన, సన్నటి చీలిక. ఇంకా మూసుకోలేదు. లోపల ఎర్రగా ఉంది.

అదేమిటో నాకు తెలుసు. ఏటా బోర్డు మీద వేసేదే. డిగ్రీలో ఫార్మలిన్ వాసన భరిస్తూ ఇలాంటి పిల్లనే కోశాను కూడా. అప్పుడు తలలో నరాలు వెతికి మార్కులు తెచ్చుకోవడమే పని, పొట్టవైపు చూసిన గుర్తు లేదు. సొరపిల్లకి బొడ్డుతాడు ఊడిన చోటు కొద్ది వారాల్లో మానిపోతుంది. మానలేదంటే పుట్టి ఎన్నో రోజులు కాలేదన్నమాట. లోపల గదిలో మా పాప బొడ్డుకి ఇంకా ప్లాస్టిక్ క్లిప్పు అలాగే ఉంది.

"ఇవి నిన్నో మొన్నో పుట్టినవి అత్తయ్యా."

"అందుకే తెచ్చాను. లేతవి. ఈ నెలల్లోనే దొరుకుతాయి. తల్లులు మొగలోకి వచ్చి ఈని పోతాయి" అంది కత్తిపీట వాలుస్తూ. నది సముద్రంలో కలిసే చోటుని వాళ్ళు మొగ అంటారు.

"నేను తినను."

"తినకపోతే ఎట్టా?"

"సొరకి పాలే ఉండవండీ!" అని అరిచాను. క్లాసులో అరిచినట్టే అరిచాను. "పిల్లని కనేసి వెళ్ళిపోతుంది. ఒక్క చుక్క పాలివ్వదు. వెనక్కి తిరిగి కూడా చూడదు. దాన్ని తింటే నాకెక్కణ్ణించి పడతాయి?"

అత్తయ్య చేతిలోని చేపని అలాగే పట్టుకుని నా వైపు చూసింది. ముప్ఫయ్యేళ్ళలో ఎన్ని సొరల్ని కోసి ఉంటుందో. కడుపులో పిల్లలున్నవీ కోసి ఉంటుంది. అయినా ఈ మాట ఆవిడకి కొత్తగానే ఉన్నట్టుంది.

"మరి పిల్లలు ఎట్టా బతుకుతాయి?"

"కాలేయంలో కొవ్వు ఉంటుంది. పుట్టేటప్పుడే సద్ది కట్టుకుని వస్తాయి. అది అయిపోయేలోపల వేట నేర్చుకుంటాయి."

అత్తయ్య చేపని కత్తిపీట మీద పెడుతూ, "అదృష్టం చేసుకున్నాయి" అంది.

నన్నే దెప్పిందనుకున్నాను. గదిలోకి వచ్చి గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను.

వంటింట్లోంచి శబ్దాలు వినిపిస్తూనే ఉన్నాయి. పసుపేసి ఉడకబెట్టింది, గరుకు తోలు వలిచింది, ముళ్ళు తీసి చేత్తో పొడిపొడిగా మెదిపింది. ఉల్లిపాయలు, దండిగా వెల్లుల్లి, మిరియాలు వేసి నూనెలో వేయించింది. సొర పిట్టు. కారం లేదు, బాలింత పథ్యం కదా. ఆ వెల్లుల్లి వాసన ఫ్లాటంతా నిండిపోయింది. వేడి అన్నంలో కలిపి కంచం తెచ్చి నా మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది.

తిన్నాను. ఎందుకు తిన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆకలేసింది, అదొకటి. పాప కోసం ఏదైనా చేస్తాననుకున్నాను, అదొకటి. ఆ చీలిక కళ్ళ ముందు ఆడుతూనే ఉంది, ముద్ద దిగుతూనే ఉంది. రుచి కూడా బావుంది, అదే అన్నిటికంటే ఎక్కువ సిగ్గనిపించింది.

ఎనిమిదోరోజు పాలు పడ్డాయి. జాకెట్టు తడిస్తే చెమటనుకున్నాను. సొర వల్లా, వెల్లుల్లి వల్లా, నర్సమ్మ అదమడం వల్లా, ఊరికే ఎనిమిదోరోజు వచ్చింది గనకా? డాక్టరుగారు "నేను చెప్పానుగా" అన్నారు. పక్కింటావిడ మెంతుల ఘనతే అంది. చూశావా అంటుందేమోనని అత్తయ్య వైపు చూశాను. ఆవిడ వంటింట్లో నేల మీద కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఉండిపోయింది. ఆ సాయంత్రమే బయటికెళ్ళి ఇంకో పాలపొడి డబ్బా తెచ్చి అల్మరాలో పెట్టింది. పాలు పడ్డాక కూడా! నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.

ఆ డబ్బా సీలు విప్పకుండానే గడువు దాటింది. అయినా ఆవిడ దాన్ని పారేయనివ్వలేదు.

ఏడాది తిరగబోతుంటే, పాపకి తన ఊరు చూపించాలని, మా దగ్గరే ఉండిపోయిన అత్తయ్య పట్టుబట్టింది. ఎండలు ముదురుతున్నాయి, చేపల వేట నిషేధం ఇంకా మొదలవలేదు. ఆఫీసు పనుందని మా ఆయన మమ్మల్ని బస్సెక్కించి ఆగిపోయాడు. ఆ మర్నాడు పొద్దున అత్తయ్య తమ్ముడు, నేను బాబాయ్ అనే ఆయన, మా ముగ్గుర్నీ పడవలో మొగ వైపు తీసుకెళ్ళాడు.

రెండు పక్కలా మడచెట్లు, బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు. ఒక సన్నటి పాయలోకి తిరిగాక బాబాయ్ ఇంజను ఆపేశాడు. మోకాల్లోతు నీళ్ళు. మొదట నాకేమీ కనబడలేదు. ఆయన వేలు పెట్టి చూపించాక చూశాను. నీళ్ళ కింద బూడిదరంగు నీడలు. ఒకటి, మూడు, లెక్కపెట్టేలోపు చెదిరిపోయి మళ్ళీ కలిసేవి. నీళ్ళ మీద వేలెడంత రెక్క ఒకటి లేచి మునిగింది.

"పాలసొర పిల్లలమ్మా. ఇక్కడికి పెద్ద చేపలు రాలేవు, లోతు లేదుగా. అందుకే తల్లులు ఏరికోరి ఇక్కడికొచ్చి ఈనతాయి. ఈని, వాటి దారిన అయ్యి పోతాయి. ఇయ్యి రొయ్యపిల్లల్ని, చిన్న చేపల్ని తింటా ఇక్కడే తిరిగి, బలమొచ్చాక సముద్రంలోకి పోతాయి."

పుస్తకంలో ఒక్క వాక్యం ఇది. చూస్తే వేరేగా ఉంది. తల్లి వదిలేసి పోతుందని నేను ఎంత కోపంగా అరిచానో గుర్తొచ్చింది. వదిలేసే చోటుని ఇంత చూసి ఎంచుకుంటుందని అప్పుడు చెప్పలేదు. చదివే ఉంటాను, గుర్తు రాలేదు.

"ముందుకంటే తగ్గాయా బాబాయ్?"

"ఏమో. ఒక ఏడు బాగా కనపడతాయి, ఒక ఏడు కనపడవు. మేం పట్టడం వల్లో, నీళ్ళ వల్లో, ఎవరికి తెలుసు?"

అంతలో ఆయన ఫోన్ మోగింది. పక్క ఊళ్ళో ఎవరింట్లోనో కాన్పయి నాలుగు రోజులైందట, కోడలికి పాలు పడలేదట, పాలసొర కావాలట. బాబాయ్ ఫోన్ చేత్తో మూసి, వల మీద ఇంకో చెయ్యి వేసి, నన్నడిగాడు. "టీచరమ్మా, నువ్వు చదువుకున్నదానివి. నిజం చెప్పు. ఇది పనిచేస్తదా? నువ్వు వద్దంటే వెయ్యను."

నా పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఇంత సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు. పనిచెయ్యదు అందామంటే తిన్నదాన్ని. పనిచేస్తుంది అందామంటే ఏం చూసి?

"వెయ్యరా. ఆ పిల్లకి పెట్టాలి" అంది అత్తయ్య.

నాకు చిర్రెత్తింది. ఏడాదిగా లోపల దాచుకున్నదంతా బయటికొచ్చింది. "పనిచేస్తుందని మీకు తెలుసా అత్తయ్యా? నిజంగా తెలుసా? తెలిస్తే నాకు ముందు డబ్బా పాలు ఎందుకు తెచ్చారు?"

ఆవిడ పాపని ఒళ్ళో సర్దుకుంది. నీళ్ళవైపు చూస్తూ మాట్లాడింది.

"నాకు పనిచెయ్యలేదమ్మా. మొదటి కాన్పులో."

మా ఆయనే మొదటివాడని అనుకుంటున్నాను ఇన్నేళ్ళూ. ఆయనా అదే అనుకుంటున్నాడు.

"వాడికంటే ముందు ఆడపిల్ల. నాకు పాలు పడలేదు. రోజూ సొర పెట్టారు, నేనూ తిన్నాను. బిడ్డకి పంచదార నీళ్ళు పట్టారు. డబ్బా పాలు అవనిగడ్డలో దొరుకుతాయని ఎవరో అంటే మీ మావయ్య పోయాడు. అప్పుడు బస్సులు ఏవి? ఆయన డబ్బా పట్టుకుని వచ్చేసరికి..." ఆగింది. "పదోరోజు."

బాబాయ్ తల వంచుకున్నాడు. ఆయనకి తెలుసు.

"మరి నాకెందుకు పెట్టారు?" అని అడిగాను.

"డబ్బా ఒక్కటే చాలకపోతే? సొర ఒక్కటే చాలకపోతే? ఏది పనిచేస్తదో నాకు మాత్రం ఏం తెలుసమ్మా. రెండూ పెట్టాను. ఇంకేదైనా ఉందని ఎవరన్నా చెబితే అదీ పెట్టేదాన్ని."

ఇల్లంతా ఇరవై సలహాలతో అల్లాడుతుంటే, ఈవిడ ఒక్కతే అన్నీ తెలిసినట్టు తిరుగుతోందని ఆ రోజుల్లో కసిగా అనుకున్నాను. నాకంటే ఎక్కువ భయపడ్డది ఈవిడే. నేను చూసింది వణికే చెయ్యి, అనుకున్నది వయసు. అదృష్టం చేసుకున్నాయి అన్న మాట నా మీద కాదు. నాకు సిగ్గేసింది, ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది. పడవలో అలాంటివి కుదరవు. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశాను, అంతే.

బాబాయ్ దగ్గర ఫోన్ తీసుకుని, "ఆ అమ్మాయికివ్వండి" అన్నాను. కొంచెంసేపటికి ఒక నీరసమైన గొంతు "చెప్పండి" అంది.

"నాకు ఎనిమిదోరోజుదాకా పడలేదమ్మా."

"నిజంగానా అండీ? అందరికీ పడతాయంటున్నారు, నాకే ఏదో..." అని ఏడవడం మొదలుపెట్టింది.

"అందరికీ వెంటనే పడవు. బిడ్డని గంటలో పీహెచ్‌సీకి తీసుకెళ్ళి చూపించండి. వాళ్ళు సరేనంటే డబ్బా పాలు పట్టించు. ఎవరేమన్నా పట్టించు. సొర కూడా తిను, తింటే తప్పు లేదు. కానీ దానికోసం ఆగొద్దు. పాపా బాబా?"

"పాపండీ."

బాబాయ్ వల వేశాడు. రెండు పిల్లలు పడ్డాయి. ఒకదానికి పొట్ట మీద గీత మానిపోయింది, ఇంకోదానికి మానలేదు. అది నా పాదం పక్కనే కొట్టుకుంది. వదిలేయమని నోటిదాకా వచ్చింది, ఆ ఏడుపు గొంతు గుర్తొచ్చి ఆగిపోయాను. ఆయన రెండిటినీ ఐసుపెట్టెలో వేసి మూత పెట్టాడు. నేను చేసింది తప్పో ఒప్పో నాకు తెలియదు. ఈ ఏడు పాఠం చెప్పేటప్పుడు పిల్లలడిగితే కూడా తెలియదనే చెబుతాను.

తిరిగి వస్తుంటే అత్తయ్యని మెల్లగా అడిగాను. "పేరు పెట్టకుండానే పోయిందా?"

"పదకొండోరోజు పెడదామనుకున్నాం. నేను మటుకు పిలుచుకునేదాన్ని."

"ఏమని?"

చెప్పింది. ఏడాదిగా మా ఇంట్లో నేను వద్దు వద్దంటున్న పేరే అది.

పాప అప్పుడే ఆవిడ ఒళ్ళోంచి జారి, నీళ్ళలోకి చెయ్యి పెట్టాలని పడవ అంచుకి పాకుతోంది. నడుం పట్టుకుని వెనక్కి లాగుతూ, ఆ పేరుతోనే పిలిచాను. మొదటిసారి నా నోట. పాప ఠక్కున తిరిగి చూసింది. అత్తయ్య కూడా చూసింది.